మెరుగులు దిద్దని ఆట: చరిత్రకు ఒక ఆధారం

చారిత్రక ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు గుర్తుకు వస్తాయి. జపాన్‌లో ఒక అభిమాని ఇంట్లో తయారుచేసుకున్న కంప్యూటర్ ఆట కూడా ఆధారమేనా? అవుననే ఈ పాఠం చెబుతుంది. అలాంటి ఆటలోని లోపాలను ఎలా చదవాలో పరిశీలిద్దాం.

ముందుగా నేపథ్యం తెలుసుకోండి. 1978లో టైటో సంస్థ విడుదల చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో శత్రువులు వదిలే తూటాలు కొద్దిగానే ఉండేవి. 1993లో టోవాప్లాన్ సంస్థ 'బట్సుగన్', 1995లో కేవ్ సంస్థ 'డోన్‌పాచీ' వచ్చేసరికి తెర తూటాలతో నిండిపోసాగింది. ఈ పద్ధతిని జపనీయులు 'దన్మకు' అంటారు. తూటాల తెర అని దీని అర్థం. ఇన్ని తూటాల మధ్య ఆటగాడు ఎలా తప్పించుకుంటాడు? తెరపై అతని బొమ్మ పెద్దదే అయినా, తూటా తగిలితే ఓడిపోయే భాగం అందులో చాలా చిన్నది. కిటుకంతా అక్కడే ఉంది.

జపాన్‌లో ఔత్సాహికులు సొంతంగా ప్రచురించుకునే వాటిని 'దోజిన్' అంటారు. వాటి కోసం 1975 డిసెంబరులో టోక్యోలో 'కోమికెట్' అనే సంత మొదలైంది. మొదటిసారి 32 బృందాలు పాల్గొనగా, సుమారు 700 మంది వచ్చారు. 'జున్' అనే పేరుతో ప్రసిద్ధుడైన జున్యా ఓటా తన 'తోహో' ఆటలను ఈ సంతలోనే అమ్మాడు. 2002లో విండోస్ కోసం చేసిన ఆటలో ప్రోగ్రామింగ్, బొమ్మలు, సంగీతం ఆయనవే. బొమ్మలు మొరటుగా ఉన్నా ఆట ఆదరణ పొందింది. కొన్ని షరతులతో తన పాత్రలను ఇతరులు వాడుకోవడానికీ ఆయన అనుమతించాడు. తూటాల కదలికలను ఆదేశాలుగా రాసుకునే 'దన్మకుఫు' అనే సాధనం కూడా అభిమానులకు అందుబాటులోకి వచ్చింది.

ఇప్పుడు ఒక అభిమాని చేసిన ఆటను ఊహించుకోండి. మొదటి దశ మరీ సులువు. రెండో దశ దాటడం దాదాపు అసాధ్యం. ఎందుకిలా? సంస్థలు విడుదలకు ముందు ఆటశాలల్లో కొత్తవారి చేత ఆడించి, కష్టసాధ్యతను సరిచేసుకునేవి. అభిమానికి ఆ వసతి లేదు. తాను రాసిన తూటాల వరుస తనకు కంఠతా వచ్చు కనుక, అది ఇతరులకు ఎంత కష్టమో తెలియదు. ఆ లోపంలో మనకు కనిపించేది ఒంటరిగా నేర్చుకుంటున్న మనిషి. అయితే ఒక్క లోపాన్ని చూసి నిర్ధారణకు రాకూడదు. అదే వ్యక్తి చేసిన ఇతర ఆటలతో పోల్చి చూడాలి.

ఇక్కడే అసలు సమస్య ఎదురవుతుంది. రాతి శాసనం శతాబ్దాలు నిలుస్తుంది. దన్మకుఫు ఫైలు పనిచేయాలంటే ఆ సాధనమూ, దాన్ని నడిపే కంప్యూటరూ ఉండాలి. పేరొందిన ఆటలను సంస్థలు మళ్లీ విడుదల చేస్తాయి. మెరుగులు లేనివి చాలావరకు చేసినవారి డిస్కుతో పాటే పోతాయి. అవి పోతే విజేతల చరిత్ర మిగులుతుంది. నేర్చుకునేవారి చరిత్ర మిగలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఊళ్లో దొరికే ఒక చేతిరాత పత్రికనో, నాటక ప్రతినో తీసుకోండి. అందులోని ఒక లోపం, దాన్ని తయారుచేసినవారి పరిస్థితుల గురించి ఏమి తెలుపుతుందో పది వాక్యాల్లో రాయండి.