కూలుతూ కట్టే కండె

ఇది న్యూట్ ఊపిరితిత్తి కణం. చూడ్డానికి బల్లి, వరసకు కప్పకు చుట్టం ఆ జీవి. దాని కణాలు రెండుగా విడిపోయే వేళ కూడా గాజుపలక మీద పల్చగా పరుచుకునే ఉంటాయి, పైగా క్రోమోజోములు లావు. విభజనను కళ్లారా చూడాలనుకున్నవాళ్లు దీన్ని ఏరికోరి పెంచింది అందుకే. లోపలికి దిగుదాం.

కేంద్రకం పొర ఇప్పుడే చినిగింది. 22 క్రోమోజోములు, రెండేసి పేటలతో బయటపడ్డాయి. పేటకొక కైనెటోకోర్, అంటే పట్టుకోవడానికి పిడి. మొత్తం 44. వీటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా కణం ముందడుగు వేయదు.

అటు సెంట్రోజోము చూడండి, విడిపోయే కణపు రెండు ధ్రువాల్లో ఒకటి. దాని ఒంటి నిండా గామా ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ వలయాలు. మన చుట్టూ తారాడుతున్న ఆల్ఫా, బీటా ట్యుబ్యులిన్ జంటల్లో ఒకటి ఆ వలయం మీద వాలింది. పొడవు 8 నానోమీటర్లు. దాని మీద మరొకటి, పక్కన ఇంకొకటి. చూస్తుండగానే 13 పోగులు గుండ్రంగా చేరి గొట్టమైపోయాయి. వెడల్పు 25 నానోమీటర్లే. కొస మనల్ని రాసుకుంటూ దాటిపోయింది. అటు క్రోమోజోమేదీ లేదు, ఉత్త చోటు.

ఇప్పుడు ఆ కొసనే చూడండి. కొత్తగా వచ్చే ప్రతి జంటా బీటా వైపు జీటీపీ అణువును మోసుకొస్తుంది. గోడలో కుదురుకున్నాక అది జీడీపీగా మారుతుంది. ఇక ఆ జంట వంగిపోవాలని చూస్తుంది. కొసన మూతలా నిలిచిన తాజా జంటలే వాటిని నిటారుగా పట్టి ఉంచుతున్నాయి. కొత్త జంటల రాక కాస్త నెమ్మదించింది. మూత పోయింది. అంతే, పోగులు అరటితొక్క ఒలిచినట్టు బయటికి వంగి, విడివడి, గొట్టం వచ్చినదారినే సర్రున కూలిపోతోంది. పక్కది ఏమీ ఎరగనట్టు పెరుగుతూనే ఉంది. ఒకే ద్రావణంలో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయని 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ చూపించారు.

దుబారా అనిపిస్తుంది. కాదు. తప్పు దిక్కు పట్టిన గొట్టం అలాగే నిలిచిపోతే మరో దిక్కు వెతకడానికి సరుకేదీ? క్యాన్సర్ మందు టాక్సాల్ చేసేది సరిగ్గా అదే, గొట్టాన్ని కూలనివ్వదు. పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ అసలు కట్టనే కట్టనివ్వదు. రెండిటితోనూ విభజన ఆగిపోతుంది.

అదిగో, ఒక గొట్టం పిడికి తగిలింది. కొసతో కాదు, పక్కవాటుగా. డైనీన్ అనే మోటారు ప్రోటీన్ అందుకుంది. అంత పెద్ద క్రోమోజోము ఆ ఒక్క సన్నటి గొట్టం వెంట ధ్రువం వైపు దూసుకుపోతోంది. 1990లో కాన్లీ రీడర్ బృందం న్యూట్ కణాల్లోనే ఈ దృశ్యాన్ని పట్టుకుంది. ఎదుటి ధ్రువం గొట్టం రెండో పిడిని అందుకునేదాకా క్రోమోజోము అక్కడే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. రెండు పిడులూ ఒకే ధ్రువానికి చిక్కితే బిగువు రాదు. అరోరా బి ఎంజైము ఆ పట్టు విడిపిస్తుంది. నడుమ ఎదురెదురు గొట్టాలు కలిసినచోట కైనెసిన్-5 అనే మరో మోటారు ధ్రువాలను ఎడంగా నెడుతోంది. ఈ గొట్టాల అల్లికే కండె, అది రూపు కట్టింది.

చివరి క్రోమోజోము నడిమికి చేరింది. పేటలను కలిపి ఉంచిన కొహెసిన్ తెగింది. ఇక లాగాలి. లాగేదీ ఆ కూలడమే: పిడి దగ్గర గొట్టం కొస పోగుపోగుగా విడిపోతుంటే, పిడి మాత్రం పట్టు వదలకుండా, ఇప్పుడు పక్కవాటుగా కాక ఆ కొసనే అంటిపెట్టుకుని, పేటను వెంటేసుకుని ధ్రువం వైపు సాగుతోంది.