సెయ్మ్ పతనం: పోలండ్ ప్రతినిధి సభపై పరాయి పెత్తనం (1569-1795)

1569లో లూబ్లిన్ ఒప్పందంతో పోలండ్, లిథువేనియాలు ఒకే రాజ్యంగా కలిశాయి. 1573 నుంచి అక్కడ రాజును వంశక్రమంలో కాక కులీనులే ఎన్నుకున్నారు. 'సెయ్మ్' అనే వారి ప్రతినిధి సభను రెండేళ్లకొకసారి పిలవడం, దాని సమ్మతి లేనిదే కొత్త పన్ను వేయకపోవడం రాజుకు విధి అయ్యాయి. అయితే కులీనులు జనాభాలో సుమారు పదోవంతుకు మించరు. భూస్వామి పొలానికి కట్టుబడి వెట్టిచాకిరీ చేసే రైతుకు ఈ వ్యవస్థలో చోటే లేదు. ఈ లోటును చిన్నదిగా చూస్తే తర్వాతి పతనం అర్థం కాదు.

నిర్ణయాలు ఏకగ్రీవంగా ఉండాలన్న ఆనవాయితీ నుంచి 'లిబెరుమ్ వీటో' పుట్టింది. ఒక్క సభ్యుడు కాదన్నా సమావేశం భగ్నమై, అప్పటిదాకా ఆమోదించిన శాసనాలన్నీ రద్దయ్యే హక్కు అది. 1652లో సిచిన్‌స్కీ అనే సభ్యుడు సమావేశం గడువు పొడిగింపును అడ్డుకున్నాడు. అతడు రాద్జివిల్ అనే మహాసంపన్న భూస్వామికి ఆశ్రితుడు. స్వదేశపు పెత్తందారులు తొక్కిన ఈ దారిని పరాయి రాయబారులు త్వరలోనే పట్టుకున్నారు. ఒక్క సభ్యుణ్ణి కొంటే దేశం సైన్యాన్ని పెంచుకోలేదు, పన్ను వేసుకోలేదు. మూడో ఆగస్ట్ అనే రాజు ఏలుబడిలో, అంటే 1733-63 మధ్య, 1736 నాటి సమావేశం తప్ప మరేదీ సక్రమంగా ముగియలేదు. 1720లోనే రష్యా, ప్రష్యాలు ఈ వీటో చెక్కుచెదరకుండా చూడాలని తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి.

1764లో రష్యన్ సైన్యం అండతో స్తానిస్వాఫ్ ఆగస్ట్ రాజయ్యాడు. 1767లో రష్యా రాయబారి రెప్నిన్ తనకు ఎదురు నిలిచిన ఇద్దరు బిషప్పులను, కులీనుడు వాత్స్వాఫ్ జెవుస్కీని, ఆయన కుమారుడు సెవెరిన్‌ను వార్సాలో రాత్రికి రాత్రే బంధించి రష్యాకు పంపించాడు. ఆ మరుసటి ఏడాది వీటో, రాజు ఎన్నిక మార్చరాని మూలశాసనాలయ్యాయి. వాటికి రష్యా రాణి కేథరిన్ హామీదారు. 1772లో మూడు పొరుగు రాజ్యాలు కలిసి మొదటిసారి దేశాన్ని పంచుకున్నాయి.

మిగిలిన దేశం తేరుకుని 1791 మే 3న రాజ్యాంగం రాసుకుని వీటోను రద్దుచేసింది, సింహాసనాన్ని వంశపారంపర్యం చేసింది. దానిని కూలదోయడానికి 1792లో తర్గోవిత్సా పేరిట కొందరు కులీనులు కూటమి కట్టి కేథరిన్ సైన్యాన్ని పిలిచారు. నాయకుల్లో ఒకరు, పాతికేళ్ల క్రితం రష్యా బందీగా వెళ్లిన ఆ సెవెరిన్ జెవుస్కీయే. ఆయన్ను కేవలం అమ్ముడుపోయినవాడిగా కొట్టిపారేయడం సరికాదు. వారసత్వ రాజరికం వస్తే కులీన స్వేచ్ఛ పోతుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. దేశానికి చేటు తెచ్చినది ఆ నమ్మకమే.

ఆ సైన్యం నెగ్గాక, 1793లో గ్రోద్నోలో కూడిన సెయ్మ్ రెండో పంపకానికి ఆమోదముద్ర వేయాల్సి వచ్చింది. సెప్టెంబర్ 23న రష్యన్ సైనికులు సభ జరుగుతున్న కోటను చుట్టుముట్టారు. సభ్యులను బయటికి పోనివ్వలేదు. ప్రష్యాకు భూభాగం అప్పగించే ఒప్పందంపై ఎవరూ నోరు విప్పక గంటలు గడిచాయి. చివరికి తెల్లవారుజామున అంక్విచ్ అనే సభ్యుడు మౌనం అంగీకారమేనన్నాడు. సభాధ్యక్షుడు మూడుసార్లు అడిగి, జవాబు రాకపోవడంతో ఏకగ్రీవమని ప్రకటించాడు. ఒక్క గొంతు కాదంటే చాలని శతాబ్దం పైగా నడిచిన సభలో ఆ గొంతు అవసరమైననాడు లేవలేదు.

1794లో కొష్చూష్కో అనే సేనాని రష్యాపై తిరుగుబాటు లేవదీశాడు. వార్సాలో చేజిక్కిన రష్యా రాయబార కార్యాలయపు కాగితాల్లో భరణం పుచ్చుకున్నవారి వివరాలు బయటపడ్డాయి. మే 9న అంక్విచ్‌తో సహా నలుగురిని బహిరంగంగా ఉరితీశారు. అంతకు రెండు రోజుల ముందే కొష్చూష్కో వెట్టి రైతులకు వ్యక్తిగత స్వేచ్ఛ ప్రకటించి, చాకిరీ రోజులను తగ్గించాడు. భూస్వాములు అనేకచోట్ల దానికి అడ్డుపడ్డారు. 1795లో మిగిలిన భూమి కూడా పంపకమైపోయాక ఆ ప్రకటనను అమలు చేసే ప్రభుత్వమే లేకుండా పోయింది.