కంఠస్థం నుండి భావగ్రహణం వరకు: హొళగుంద సీమ విద్యార్థి చదివే కవితలు

కవిత్వం విషయంలో ఇస్లాం దృక్పథం ఏకపక్షమైనది కాదు. దివ్యఖుర్ఆన్‌లోని ఒక సూరాకు 'అష్షుఅరా' (కవులు) అనే పేరే ఉన్నది. ఆ సూరా చివరి ఆయత్‌లలో (26:224-227) దిక్కుతోచని లోయలన్నింటిలో తిరుగుతూ, తాము చేయనిది చెప్పుకునే కవుల ప్రస్తావన మొదట వస్తుంది. ఆ వెంటనే విశ్వసించి సత్కార్యాలు చేసే కవులకు మినహాయింపు కూడా వస్తుంది. కొంత కవిత్వంలో వివేకం ఉన్నదని మహాప్రవక్త (స) సెలవిచ్చినట్లు సహీహ్ బుఖారీలో నమోదయింది. కాబట్టి కవితకు గీటురాయి అందులోని శబ్దం కాదు, భావం. భావం తెలియకుండా కవితను వల్లించే విద్యార్థి చేతిలో గీటురాయి లేనట్లే. ఈ సత్యాన్ని పరిశీలించడానికి హొళగుంద ప్రాంతం చక్కని ఆధారం.

హొళగుంద కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్నది. ఈ సీమకు ఆదోని చిరకాలం రాజకీయ కేంద్రం. తళ్లికోట యుద్ధం (1565) తర్వాత కొద్ది సంవత్సరాలకే ఆదోని దుర్గం బిజాపూరు ఆదిల్‌షాహీల అధీనంలోకి వచ్చింది. 17వ శతాబ్దంలో ఇక్కడ అధికారం నెరపిన సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిద్ నేటికీ నిలిచి ఉన్నది. 1688లో దుర్గం ఔరంగజేబు సైన్యానికి లొంగిపోయింది. 18వ శతాబ్దంలో అది నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ఆ తర్వాత ఈ సీమ బళ్లారి జిల్లాలో భాగమై, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది.

ఈ చరిత్రకు ప్రజల నాలుకలపై మిగిలిన ముద్ర భాషలు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో కన్నడం, ఆరాధనలో అరబీ. ఇక్కడి ముస్లిం బాలునికి ఇది వింత కాదు, నిత్యజీవితం. అందువల్ల అతడు నేర్చే కవితలు కూడా ఒక్క భాషవి కావు, ఒక్క కాలానివి కావు.

వీటిలో అన్నిటికన్నా పాతవి బడిలో నేర్పినవి కావు. బిజాపూరు సూఫీల వర్గం 16, 17 శతాబ్దాలలో దక్కనీ భాషలో విస్తారంగా రచనలు చేసింది. షా మీరాన్‌జీ షమ్సుల్ ఉష్షాఖ్, ఆయన కుమారుడు బుర్హానుద్దీన్ జానమ్ ఈ పరంపరలోని ప్రముఖులు. ఆ సంప్రదాయానికి చెందినవే చక్కీనామాలు, చర్ఖానామాలు. తిరగలి విసురుతూ, రాట్నం వడుకుతూ స్త్రీలు పాడుకునే పాటలివి. తిరగలి పిడిని అల్లాహ్ నామంలోని మొదటి అక్షరమైన అలిఫ్‌తో పోల్చడం ఈ పాటలలో కనిపించే పద్ధతి. నిటారుగా నిలిచిన కర్ర, నిటారుగా నిలిచిన అక్షరం. చదువు రాని తల్లికి ఆ పోలిక విప్పి చెప్పే గురువు అవసరం లేదు. ఆమె చేతిలోని పనిముట్టే ఆమెకు వ్యాఖ్యానం. జొన్నలు పిండి అయ్యేలోగా పాట ఆమె ఒడిలోని బిడ్డ చెవికి చేరేది. ఇక్కడ కంఠస్థానికీ భావానికీ మధ్య దూరం లేదు.

ఆ దూరం మక్తబ్‌తో మొదలైంది. ఫారసీ రాజభాషగా ఉన్న కాలంలో హిందుస్తాన్ అంతటా బాలురు తొలినాళ్లలో చదివిన ఫారసీ పద్యగ్రంథాలలో 'కరీమా' ప్రసిద్ధం. దీనినే పంద్‌నామా అంటారు. షేఖ్ సాదీ షీరాజీ (రహ్మతుల్లాహి అలైహ్) పేరిట ఇది ప్రచారంలో ఉన్నా, కర్తృత్వం విషయంలో పండితులలో సందేహాలున్నాయి. దాతృత్వం, వినయం, విద్య, న్యాయం, సంతృప్తి మొదలైన సద్గుణాలు ఒక వైపు, లోభం, అహంకారం, దౌర్జన్యం మొదలైన దుర్గుణాలు మరొక వైపు శీర్షికలుగా సాగే చిన్న గ్రంథమిది. శీర్షికలోనే విషయం తెలిసిపోతుంది. అయినా ఫారసీ పిల్లవాని మాతృభాష కాదు. ఉపాధ్యాయుడు పదానికి అర్థం చెప్పి, వాక్యాన్ని అనువదించి, ఆ నీతిని పిల్లవాని నడవడికతో ముడిపెట్టిన చోట కరీమా ఫలించింది. బెత్తం ఝళిపించి వల్లె వేయించిన చోట అది లయగా మాత్రమే మిగిలింది.

1837 నాటి చట్టం తర్వాత కంపెనీ న్యాయస్థానాలలో ఫారసీ తన స్థానాన్ని కోల్పోయింది. ఉద్యోగానికి పనికిరాని భాష క్రమంగా బడి నుండి కూడా తప్పుకున్నది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలుగు అయ్యవారు పద్యానికి ప్రతిపదార్థం చెప్పి తాత్పర్యం వ్రాయించారు. ఉర్దూ ఉస్తాద్ కవితకు 'తష్రీహ్' చెప్పి 'మర్కజీ ఖయాల్' వ్రాయించారు. పేర్లు వేరైనా పని ఒక్కటే: మాటల వెనుక ఉన్న మనసును పట్టుకోవడం. కానీ పరీక్షలో ఆ తాత్పర్యాన్ని కూడా బట్టీపట్టి వ్రాయవచ్చునని విద్యార్థి త్వరలోనే కనిపెట్టాడు. నాడు పద్యం మాత్రమే కంఠస్థం. నేడు పద్యమూ కంఠస్థమే, దాని భావమూ కంఠస్థమే. ఈ రోగానికి మందు ఏమిటో తెలుసుకోవడానికి ఉర్దూ తరగతి నుండి ఒకటి, తెలుగు తరగతి నుండి ఒకటి, రెండు ఉదాహరణలు చాలు.

ఉర్దూ చదివే పిల్లలు ఎక్కడున్నా అల్లామా ఇక్బాల్ రచించిన 'బచ్చే కీ దుఆ' వారి నోట వినబడుతుంది. ఇది 1902 నాటి రచన. 1924లో వెలువడిన 'బాంగె దరా' సంపుటిలో చేరింది. ఆ సంపుటిలో ఈ కవిత శీర్షిక వద్ద 'మాఖూజ్', అనగా మరొక చోటి నుండి గ్రహించినది, అనే మాట ఉన్నది. పిల్లలూ, చాలామంది పెద్దలూ ఆ మాటను దాటిపోతారు. దీనికి మూలం మెటిల్డా బెథమ్ ఎడ్వర్డ్స్ (1836-1919) అనే ఆంగ్ల రచయిత్రి పిల్లల కోసం వ్రాసిన ప్రార్థనాగీతం. తన జీవితం చిన్న దీపం కావాలని, పువ్వు కావాలని, పాట కావాలని, బలహీనులకు ఊతకర్ర కావాలని అందులో బిడ్డ దేవుణ్ణి వేడుకుంటుంది.

ఇక్బాల్ ఏమి తీసుకున్నారు? ఏమి చేర్చారు? దీపం తీసుకున్నారు, పువ్వు తీసుకున్నారు. ఊతకర్రను పేదలకు, వృద్ధులకు, బాధితులకు అండగా నిలిచే గుణంగా మార్చారు. మూలంలో లేని శలభాన్ని తెచ్చి విద్య అనే జ్యోతి చుట్టూ తిప్పారు. దీపమూ శలభమూ ఫారసీ కవిత్వంలో ప్రేమకు పాత గుర్తులు. ప్రియురాలి కోసం కాలిపోయే శలభాన్ని జ్ఞానం కోసం తపించే విద్యార్థిగా చేయడంలోనే ఈ కవిత సందేశం ఉన్నది. ఆ మార్పు చూపించకుండా, దీపం వంటి జీవితాన్ని బాలుడు కోరుతున్నాడని మాత్రమే చెబితే సగం పాఠం చెప్పినట్లే.

'హమ్‌దర్దీ' అనే మరో బాలల కవితలో ఈ పద్ధతి మరింత స్పష్టం. దానికి విలియం కూపర్ కవిత ఆధారమని ఇక్బాల్ స్వయంగా సూచించారు. కూపర్ కవితలో ఆకలిగొన్న పక్షి మిణుగురును తినబోతుంది. మిణుగురు చమత్కారంగా మాట్లాడి ప్రాణం దక్కించుకుంటుంది. ఇక్బాల్ కవితలో చీకటిపడి గూడు చేరలేక దిగులుపడుతున్న బుల్‌బుల్‌కు మిణుగురు తానే ముందుకు వచ్చి దారి చూపుతానంటుంది. అక్కడ వాక్చాతుర్యంతో ఆత్మరక్షణ, ఇక్కడ అడగకుండా చేసే సాయం. అవే రెండు జీవులు, కానీ సందేశం మారిపోయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపితే పదేళ్ల బాలుడు కూడా 'మర్కజీ ఖయాల్' తనంతట తానే చెప్పగలడు.

భావం అడగకపోతే వచ్చే నష్టం పరీక్షలో మార్కులకే పరిమితం కాదు. 2019 అక్టోబరులో ఉత్తర ప్రదేశ్‌లోని పీలీభీత్ జిల్లాలో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పిల్లలు ఇదే దుఆను చదివారు. అది మదర్సా ప్రార్థన అని ఫిర్యాదు వచ్చింది. ప్రధానోపాధ్యాయుణ్ణి సస్పెండ్ చేశారు. బీదలకు తోడుగా ఉండాలని, చెడు నుండి కాపాడమని కోరే ఈ గీతానికి మూలం ఒక ఆంగ్ల క్రైస్తవ ప్రార్థన అన్న సంగతి ఆ వివాదంలో ఎందరికి తెలుసు? కవిత ఏ భాషలో ఉన్నదని చూశారు గాని ఏమి చెబుతున్నదని చూడలేదు.

ఇతరుల పొరపాటును చూపడం తేలిక. అదే పొరపాటు ముస్లిం పాఠకుని వైపు నుండి కూడా జరగవచ్చు. రెండవ ఉదాహరణ తెలుగు తరగతిలోనిది: గుర్రం జాషువా (1895-1971) 1932లో వెలువరించిన 'ఫిరదౌసి' కావ్యం. గజనీ సుల్తాన్ మహమూద్ పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి, ఏళ్ల తరబడి శ్రమించి కావ్యం ముగించిన ఫిరదౌసీకి వెండి నాణేలు పంపడం, కవి వాటిని తిరస్కరించడం, చివరకు సుల్తాన్ పశ్చాత్తాపం ఫలించేలోగా కవి కన్నుమూయడం ఇందులోని కథ. ఇది చదివిన ముస్లిం విద్యార్థికి ఒక చిక్కు ఎదురవుతుంది. ముస్లిం పాలకుని చెడ్డగా చూపిన రచన కదా అని ముఖం తిప్పుకోవాలా? లేక ఇదంతా జరిగిన చరిత్రేనని నమ్మాలా?

రెండూ అవసరం లేదు. చరిత్రను చరిత్రగా చూద్దాం. ఫిరదౌసీ షాహ్‌నామా రచన ప్రారంభించినది సుమారు 977లో, సామానీల పాలనలో. మహమూద్ అధికారానికి వచ్చినది 998లో. అంటే కావ్యం మొదలయ్యేనాటికి మాట ఇవ్వడానికి సుల్తానే లేడు. షాహ్‌నామా 1010లో ముగిసింది. కవికి జరిగిన అన్యాయం కథ విస్తారంగా కనిపించేది నిజామీ అరూజీ రచించిన 'చహార్ మఖాలా'లో. అది ఫిరదౌసీ మరణానంతరం సుమారు నూట ముప్పై ఏళ్లకు వచ్చిన గ్రంథం. కవి ఆశించిన ప్రతిఫలం దక్కలేదనీ, వచ్చిన వెండిని ఆయన స్నానశాలలో పంచిపెట్టాడనీ, సుల్తాన్ కానుక ఒక ద్వారం గుండా ఊరిలోకి వస్తుండగా కవి శవం మరొక ద్వారం గుండా వెళుతున్నదనీ అందులో ఉన్నది. పద్యానికొక బంగారు నాణెమనే బేరం తర్వాతి కాలపు కథనాలలో బలపడింది. కాబట్టి జాషువా కావ్యం మహమూద్ గజనవీపై సాక్ష్యపత్రం కాదు.

మరి జాషువా ఆ కథనే ఎందుకు ఎన్నుకున్నారు? వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టి, కులం పేరిట అడుగడుగునా అవమానం భరించిన కవి ఆయన. శ్రమకు తగిన గౌరవం దక్కని మనిషి వేదన ఆయనకు పుస్తకాలలో చదివినది కాదు. దూరదేశపు ముస్లిం కవిలో ఆయన తన సాటి బాధితుణ్ణి చూశారు. ఆ కావ్య సందేశం సుల్తాన్ మతం గురించి కాదు. మాట తప్పినవాడు ఎంతటివాడైనా మాట తప్పినవాడే అని. చేసిన ఒప్పందం గురించి ప్రశ్నించడం జరుగుతుందని దివ్యఖుర్ఆన్ హెచ్చరిస్తున్నది (17:34). శ్రామికుని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమన్న హదీసు ఇబ్నె మాజాలో ఉన్నది. ఈ రెండూ తెలిసిన విద్యార్థికి జాషువా పరాయివాడుగా కనిపించడు. తన ధర్మం కోరే న్యాయాన్నే తెలుగు పద్యంలో అడిగిన మనిషిగా కనిపిస్తాడు.

ఈ రెండు ఉదాహరణలలో ఒక పోలిక ఉన్నది. ఆంగ్ల క్రైస్తవ గీతం లాహోరులో ఉర్దూ దుఆగా మారి హొళగుంద వంటి ఊళ్లకు చేరింది. ఫారసీ ముస్లిం కవి కథ వినుకొండ క్రైస్తవ కవి చేతిలో తెలుగు కావ్యమై అవే ఊళ్లకు చేరింది. వాటి ప్రయాణం తెలియనివారికి ఒకటి 'మనది', మరొకటి 'వారిది'. తెలిసినవారికి రెండూ బలహీనుని పక్షాన నిలిచిన గొంతులు.

దీని నుండి ఉపాధ్యాయుడు గ్రహించవలసినవి నాలుగు ప్రశ్నలు: ఈ కవితను ఎవరు చెప్పారు? ఎవరి కోసం చెప్పారు? ఎక్కడి నుండి తీసుకుని ఏమి మార్చారు? ఇందులో ఏది చరిత్ర, ఏది కల్పన? ఈ నాలుగింటికి జవాబు వెదికిన విద్యార్థి తాత్పర్యాన్ని బట్టీపట్టనవసరం లేదు. ఈ పనికి సరిహద్దు సీమలోని బాలుడు మిగతావారికన్నా సమర్థుడు. ఉర్దూ కవితకు తెలుగులో, తెలుగు పద్యానికి ఉర్దూలో భావం చెప్పమంటే అతడు గైడు పుస్తకం వెదకలేడు. తన మాటలే వాడవలసి వస్తుంది. తన మాటలలో చెప్పగలిగినదే అతనికి అర్థమైనది.

నేడు ఎందరో ముస్లిం పిల్లలు ఉర్దూ లిపికి దూరమై తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో చదువుతున్నారు. దుఆ వారి నోట ఉన్నది, అందులోని పదాల అర్థం చేజారిపోతున్నది. వారికి ఆ అర్థాన్ని తెలుగులో అందించడం ఉర్దూకు ద్రోహం కాదు, ఉర్దూలో ఉన్న విలువకు రక్షణ. ఒకప్పుడు ఈ సీమలో తల్లి తిరగలి పిడిని చూపి అలిఫ్‌ను పరిచయం చేసింది. బిడ్డకు తెలిసిన వస్తువుతో మొదలుపెట్టి తెలియని అర్థానికి చేర్చింది. అంతకు మించిన బోధనా పద్ధతిని ఏ విద్యాలయమూ కనిపెట్టలేదు. పసినాలుకలపై ఉన్న మాటలను వారి హృదయాలకు చేర్చే శక్తిని అల్లాహ్ ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ప్రసాదించుగాక! ఆమీన్.