వాహన రేడియో: మీటల పలక నుండి కోడ్‌ప్లగ్ వరకు

పోలీసు వాహనంలో డ్రైవరు ముందు అమర్చిన చిన్న పలకను చూచి అదే రేడియో అనుకోవడం సహజం. కాని అనేక దశాబ్దాల పాటు చాలా వాహనాలలో అసలు రేడియో వెనుక డిక్కీలో ఉండేది. ముందున్నది దాని మీటల పలక మాత్రమే. దీనినే కంట్రోల్ హెడ్ అంటారు. చానల్ మార్చే మీట, శబ్దాన్ని హెచ్చించి తగ్గించే గుబ్బ, అంకెలు చూపే చిన్న తెర, మైకు తగిలించే చోటు అందులో ఉంటాయి. ముందున్న పలకను, వెనుకనున్న పెట్టెను ఒక లావుపాటి కేబుల్ కలుపుతుంది. ఒకప్పుడు ఈ పలకను మార్చడం తీగలు కలపడంతో ముగిసే పని. తరువాతి కాలంలో అందుకోసం రేడియోలోని స్మృతినే తిరిగి వ్రాయవలసి వచ్చింది. ఈ మార్పు వెనుక అర్ధ శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది.

అమెరికాలోని డెట్రాయిట్ నగర పోలీసులు 1928లో తమ కార్లకు రేడియో ద్వారా ఆదేశాలు పంపడం ప్రారంభించారు. కారులోని పోలీసులు వినగలిగేవారే గాని బదులు చెప్పలేకపోయేవారు. న్యూజెర్సీ రాష్ట్రంలోని బయాన్ పట్టణంలో 1933లో కారు నుండి కూడా మాట్లాడే సౌకర్యం ఏర్పడింది. అదే సంవత్సరం ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్.ఎం. పద్ధతికి పేటెంట్లు పొందారు. ఆచార్య డేనియల్ నోబుల్ రూపకల్పనలో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులు 1940లో ఎఫ్.ఎం. రేడియోలను వాడుకలోకి తెచ్చారు. ఇంజను రొద, విద్యుత్ స్పార్కుల గరగర ఎఫ్.ఎం.లో బాగా తగ్గడంతో వాహన రేడియోకు ఆ పద్ధతి స్థిరపడింది.

ఆనాటి రేడియోలలో వాల్వులు ఉండేవి. అవి చోటు ఎక్కువ ఆక్రమించేవి, వేడెక్కేవి, బ్యాటరీని త్వరగా పీల్చివేసేవి. అందువల్లనే రేడియో డిక్కీకి, మీటలు మాత్రం డ్రైవరు చేతి దగ్గరకు చేరాయి. ప్రతి మీటకు ఒక తీగ ఉండేది, ఆ తీగ చేసే పని ఒక్కటే. ప్రతి చానల్‌కు విడిగా కోసి తయారుచేసిన క్రిస్టల్ ఉండేది. చానల్ మారాలంటే క్రిస్టల్ మార్చాలి, మీటల పలక మారాలంటే తీగలు మార్చాలి. సోల్డరింగ్ ఇనుము, తీగల పటం ఎరిగిన మెకానిక్ ఉంటే ఆ పని జరిగిపోయేది.

ట్రాన్సిస్టర్లు, ఆపైన మైక్రోప్రాసెసర్లు వచ్చి ఈ ఏర్పాటును మార్చివేశాయి. ఒకే మూల క్రిస్టల్ ఆధారంగా కావలసిన ఫ్రీక్వెన్సీలన్నిటినీ రేడియో తానే సృష్టించుకోసాగింది. ఏ చానల్‌కు ఏ ఫ్రీక్వెన్సీ అన్న వివరం మాత్రం ఎక్కడో వ్రాసి ఉంచాలి. అందుకు ఏర్పడినదే కోడ్‌ప్లగ్. మొదట అది నిజంగానే ఊడదీసి తగిలించగల చిన్న బిళ్ళ. ఒకసారి వ్రాసినది చెరపడానికి వీలులేదు, మార్పు కావాలంటే కొత్త బిళ్ళ వేయవలసిందే. తరువాత విద్యుత్తుతో చెరిపి వ్రాయగల స్మృతి చిప్పులు వచ్చి బిళ్ళ అంతరించింది. అయినా ఆ సమాచారానికి కోడ్‌ప్లగ్ అన్న పేరే నిలిచింది.

1980ల చివర వాడుకలోకి వచ్చిన మోటరోలా స్పెక్ట్రా ఈ తరానికి మంచి ఉదాహరణ. దానికి చిన్నవి, పెద్దవి అనేక రకాల కంట్రోల్ హెడ్‌లు తయారయ్యాయి. కొన్నిటిలో కొద్దిపాటి మీటలే ఉంటే, మరికొన్ని సైరన్‌ను కూడా నడిపేవి. మీటకొక తీగ అన్న పద్ధతి ఇక్కడ లేదు. పలకలోనూ ఒక ప్రాసెసర్ ఉంటుంది. అది సెకనుకు 9600 బిట్ల వేగంతో పెట్టెతో సంకేతాలలో సంభాషిస్తుంది. తనకు తగిలించిన పలక ఏది, దానికి ఎన్ని మీటలు, తెరపై ఎన్ని అక్షరాలు పడతాయి అన్న విషయం కోడ్‌ప్లగ్‌లో ఉండాలి. ఆ వివరం సరిపోకపోతే తీగలన్నీ సక్రమంగా ఉన్నా రేడియో సరిగా పనిచేయదు.

కనుక పలక మార్చేవారు మొదట కేబుల్ సరియైనదో కాదో చూస్తారు. పిదప కంప్యూటరుకు, రేడియోకు నడుమ ఒక మధ్యవర్తి పెట్టె తగిలిస్తారు. రెండింటి వోల్టేజీలు వేరు కావడమే ఇందుకు కారణం. తరువాత పాత కోడ్‌ప్లగ్‌ను చదివి భద్రపరుస్తారు. ఈ మెట్టు అతి ముఖ్యం. ఫ్యాక్టరీలో ఆ ఒక్క రేడియోను కొలిచి నిర్ణయించిన ట్యూనింగ్ విలువలు కూడా అందులోనే ఉంటాయి. వేరొక రేడియో నుండి తెచ్చిన కోడ్‌ప్లగ్‌ను యథాతథంగా ఎక్కిస్తే ఆ విలువలు పోతాయి. ఆ తరువాతనే కొత్త పలక వివరం వ్రాస్తారు. వ్రాత నడుమ విద్యుత్తు ఆగితే రేడియో మూగబోవచ్చు.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. ఆ ప్రోగ్రాములు డాస్ కాలపు నెమ్మది కంప్యూటర్ల కోసం వ్రాసినవి. వేగవంతమైన కొత్త యంత్రాలపై వాటి కాలగణన తప్పుతుంది. అందుకే ఈ పని చేసేవారు పాత 386, 486 కంప్యూటర్లను జాగ్రత్తగా దాచుకుంటారు. అమెరికాలో 2013 జనవరి 1 నుండి ఇరుకు చానళ్ళ నిబంధన అమలైంది. దానికి తగని రేడియోలు ప్రభుత్వ సేవ నుండి తొలగి, అనేకం లైసెన్సు పొందిన అమెచ్యూర్ రేడియో అభిరుచిపరుల చేతికి చేరాయి. పరికరం చెడలేదు. దానిని మలచుకునే తెలివిని నిలుపుకున్నవారికి అది ఉపయోగపడింది, నిలుపుకోనివారికి పాత ఇనుమే అయింది.

అటువంటి అభిరుచిపరులు మన దేశంలోనూ ఉన్నారు. హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ 2004 డిసెంబరు 26న సునామీ సంభవించినపుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. తమ రేడియో ద్వారా బాధితుల క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి అందజేశారు. అభిరుచిగా నేర్చిన విద్య ఆపదవేళ అక్కరకు వచ్చింది.

ఒక తరం రేడియో పరిజ్ఞానం మెకానిక్ వేళ్ళలో ఉండేది. తరువాతి తరం పరిజ్ఞానం ఒక ఫ్లాపీలో, ఒక కేబుల్‌లో, వాటిని వాడడం తెలిసిన కొద్దిమంది జ్ఞాపకంలో ఉంది. పెట్టెను అల్మారాలో భద్రపరచినంత మాత్రాన అది నిలవదు. దానితోపాటు పటం, ప్రోగ్రాము, నేర్పే గురువు, నేర్చే శిష్యుడు నిలవాలి. చదువుల చావడిలో పెరుగుతున్న విద్యార్థులు ఇంట మూలపడిన ఏ పాత యంత్రాన్ని చూచినా, పారవేయబోయే ముందు అది ఎట్లు పనిచేసేదో తెలిసినవారిని ఒకసారి అడిగి వ్రాసుకోవడం మేలు.