ఓటమి, విరమణ, వైఫల్యం

మన విమర్శలో ‘వైఫల్యం’ చాలా చవకగా దొరికే మాట అయిపోయింది. నవల విఫలమైంది, పాత్ర చిత్రణ విఫలమైంది, చివరికి ఉద్యమమూ విఫలమైంది! ఏ ఫలం, ఎవరి లెక్కలో అని చెప్పే బాధ్యత నుంచి ఈ మాట రచయితను తప్పిస్తుంది. అందుకే దాన్ని ఒకసారి పరీక్షకు పెట్టాలని నాకనిపించింది.

నల్గొండ జిల్లాలో, మిర్యాలగూడకు దగ్గరగా ఉన్న నిడమనూరు ప్రాంతాన్నే తీసుకుందాం. అక్కడ సాగర్ ఎడమ కాలువ కింద పారే భూములున్నాయి. వానను, బోరును నమ్ముకున్న మెట్టలూ ఉన్నాయి. వాన పడకపోతే తెలంగాణ రైతు తాను విఫలమయ్యానని అనడు; ‘ఈ ఏడు కాలం కాలేదు’ అంటాడు. భూమిలో నీరు తగలకపోతే ‘బోరు ఫెయిలయింది’ అంటాడు. 2022 సెప్టెంబరులో నిడమనూరు మండలం వేంపాడు దగ్గర ఎడమ కాలువ కట్ట తెగి పొలాలు మునిగినప్పుడు అందరూ అన్నమాట ‘గండి పడింది’. ఈ మూడు వాక్యాల్లోనూ కర్త స్థానంలో మనిషి లేడు. వాన విషయంలో అది న్యాయమే. కాని కట్ట దానంతటది తెగదు గదా! బాధ్యత ఉన్నచోట కర్తను మాయం చేయడం కూడా భాషకు చేతనవును.

అదే ఊళ్లో పరీక్ష తప్పిన పిల్లవాడి దగ్గరకు వచ్చేసరికి వ్యాకరణం తలకిందులవుతుంది. బోరు ఫెయిలయితే రైతు వేరు, బోరు వేరు. పరీక్ష పోతే ‘వాడు ఫెయిలయ్యాడు’. ఇంకో అడుగు వేస్తే ‘వాడొక ఫెయిల్యూర్’. ఒకనాటి సంఘటన మనిషికి పేరై కూచుంది. ఇది మన పల్లె కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దపు అమెరికాలో ఆ ఇంగ్లీషు మాటకు వ్యాపారంలో దివాలా అనే అర్థం బలంగా ఉండేది; మనవాళ్లు ‘ఐ.పి. పెట్టాడు’ అంటారే, అదన్నమాట. దుకాణానికి జరిగినది క్రమంగా దుకాణదారు స్వభావమైంది. మార్కెట్టు తన తీర్పును మనిషి ఒంటిమీద పచ్చబొట్టులా పొడిచింది.

ఈ మాటనే చరిత్రకు వర్తింపజేసినప్పుడు ఏమవుతుంది? నల్గొండ నేల కాబట్టి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్నే చూడాలి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది. ఆ ముగింపుకు మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి. ‘ఓటమి’ అంటే ఓడించినవాడు ఉండి తీరాలి. 1948 సెప్టెంబరులో ప్రవేశించి నైజాం పాలనను కూల్చిన యూనియన్ సైన్యం, ఆ తర్వాత తుపాకులు ఎవరిమీదికి తిప్పిందో చెప్పక తప్పదు. ‘విరమణ’ అంటే ఒక నిర్ణయం, నిర్ణయించినవాళ్లను నిలదీయవచ్చు. ‘వైఫల్యం’లో మాత్రం ఎవరూ లేరు. చెట్టు కాయలేదు, అంతే.

నిజంగా కాయలేదా? సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాల భూమి పంచామని, 4,000 మంది ప్రాణాలిచ్చారని పుచ్చలపల్లి సుందరయ్య 1972లో తన గ్రంథంలో రాశారు. ఆ భూమిలో చాలా భాగం తిరిగి దొరల చేతికి పోయిన మాట దాచవలసిన పనిలేదు. కాని వెట్టి మళ్లీ ఆ రూపంలో తలెత్తలేదు. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. 1951 ఏప్రిల్‌లో ఇదే జిల్లా పోచంపల్లిలో వినోబా భూదానం మొదలుపెట్టారు. పోరాటం లేకపోతే ఈ తొందర ఎందుకు పుట్టేది? 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు. ఇది ‘విఫలమైన’ ఉద్యమానికి జనం ఇచ్చిన సమాధానం!

1948 తర్వాత ఆయుధాలు పట్టి ఉండటమే పొరపాటని రావి నారాయణరెడ్డి వాదించారు. దక్కిన భూమిని కాపాడుకోవడానికి అది తప్పలేదన్నది సుందరయ్య వాదం. నేను వీరి మధ్య తీర్పరిని కాను. ఇద్దరూ నిర్ణయాల గురించి, మనుషుల గురించి మాట్లాడారు. సుందరయ్య తన గ్రంథం పేరులోనే ‘గుణపాఠాలు’ అన్న మాట చేర్చారు. చేయవలసిన పని ఇంకా మిగిలి ఉందనుకున్నవాడే గుణపాఠమంటాడు.

అయితే ఈ వాదంలో చాలాకాలం వినపడని గొంతులున్నాయి. దళాల్లో, రహస్య స్థావరాల్లో పనిచేసిన స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. పోరాట కాలాన్ని వాళ్లు తమ జీవితాల్లో గొప్ప కాలంగా తలుచుకున్నారు. విరమణ తర్వాత ఇక ఇళ్లకు వెళ్లి సంసారాలు చూసుకోమన్నప్పటి బాధనూ దాచలేదు. వాళ్లను ఓడించింది సైన్యం ఒక్కటే కాదు. తీర్మానంలో రాసిన విరమణ వేరు, అడవినుంచి వంటింటికి నడిచివచ్చిన విరమణ వేరు. మొదటిదానికి మన చరిత్ర పుస్తకాల్లో తేదీ ఉంది. రెండోదానికి ఇంకా పేరు పెట్టలేదు.