ఉప్పల్ రోడ్డు మీద కశిష్-ఎ-సిఖల్

మొన్న దస్తర్‌ఖాన్ మీద మా అమ్మాయి జనరల్ నాలెడ్జ్ పుస్తకం తెరిచి, "అబ్బా, చెట్టు మీది పండు కిందికే ఎందుకు పడుతుంది?" అని సవాల్ వేసింది. ఆలోచించకుండానే నా నోట "కశిష్-ఎ-సిఖల్" వచ్చేసింది. పిల్ల పకపకా నవ్వింది. "ఇదేదో ఖవ్వాలీలో మాటలా ఉంది. గురుత్వాకర్షణ అనాలి." ఉర్దూ దువాకూ షాయరీకీ సరే, సైన్సుకు పనికొచ్చే జబాన్ కాదని దాని అభిప్రాయం. దాని తప్పేం లేదు, దానికి ఎవరూ చెప్పలేదు.

నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో ఫిజిక్స్ అంటే తబీయాత్. వేడి హరారత్, గ్రహం సయ్యారా, జడత్వం జమూద్. లెన్స్‌ను అదసా అనేవాళ్లు. అరబ్బీలో అదస్ అంటే మసూర్ పప్పు. రెండు వైపులా ఉబ్బిన గాజుబిళ్ల పప్పుబద్దలా ఉంటుందని ఆ పేరు. ఇంగ్లీషు 'లెన్స్' కూడా లాటిన్‌లో అదే పప్పు! మా స్కూల్లో చూద్దామంటే ఒక్క అదసా కూడా లేదు, అది వేరే సంగతి.

ఈ మాటలు మన షహర్‌లోకి ఎలా వచ్చాయి? పాయెగా ఖాందాన్‌కు చెందిన నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్, షమ్సుల్ ఉమరా, 19వ శతాబ్దం మొదటి సగంలో ఇంగ్లీషు సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత రాతి ఛాపాఖానాలో అచ్చు వేయించారు. యంత్రాలు, ఖగోళం, నీరు, గాలి, వెలుగు, బర్ఖ్, అంటే విద్యుత్తు. మొత్తం ఆరు కితాబులు, వాటి పేరు సిత్తా-ఎ-షమ్సియా. హైదరాబాద్‌లో అప్పటికి రైలు కూడా లేదు.

అదే ఖాందాన్‌లోని నవాబ్ జఫర్ జంగ్‌కు దూర్బీన్ పిచ్చి పట్టింది. ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల గ్రబ్ దూర్బీన్ తెప్పించి, ఫిసల్‌బండలోని తన జాగాలో పెట్టుకున్నారు. 1901లో మహబూబ్ అలీ పాషాకు అర్జీ రాసి, దానికి నిజామియా పేరు పెట్టుకునేందుకు ఇజాజత్ అడిగారు. 1907లో ఆయన ఇంతకాల్ అయ్యాక సర్కార్ దాన్ని తీసుకుంది, బేగంపేటకు మార్చింది. అప్పట్లో ప్యారిస్ నుంచి మొదలైన ఒక భారీ పని సాగుతోంది. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని, ఒక్కో అబ్జర్వేటరీ తన వంతు నక్షత్రాలను ఫొటో తీసి వాటి చోటు కొలవాలి. అందులో హైదరాబాద్‌కూ వాటా వచ్చింది. గాజు ప్లేట్ల మీద చుక్క చుక్కనూ కొలిచి ఏడు లక్షలకు పైగా నక్షత్రాల లెక్క తేల్చారు. నవాబ్ పేరు జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో దొరుకుతుంది గానీ, కళ్లు అరిగేలా ఆ ప్లేట్లు చూసిన గుమాస్తాల పేర్లు దొరకవు. నా దిల్ మాత్రం వాళ్ల వైపే.

1917లో దారుల్ తర్జుమా, ఆ మరుసటి ఏడాది ఉస్మానియా యూనివర్సిటీ. 1919లో అబ్జర్వేటరీని కూడా యూనివర్సిటీకే అప్పగించారు. డిగ్రీ ఫిజిక్స్ మొత్తం ఉర్దూలో చెప్పారు. ఉస్మానియా కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసిన మొహమ్మద్ అబ్దుర్రహ్మాన్ ఖాన్ ఉల్కల మీద పరిశోధించి వ్యాసాలు రాశారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మనవాళ్లు ఈ కథను ఫఖ్ర్‌తో చెప్పుకుని ఆపేస్తారు. కానీ రియాసత్‌లో ఎక్కువమంది పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లు. ఇంగ్లీషు బరువు దింపుతామని వాళ్ల నెత్తిన ఇంకో బరువు పెట్టారు. అరబ్బీ నుంచి తెచ్చిన కొన్ని మాటలు ఉర్దూ ఇళ్లలోనే అర్థమయ్యేవి కావు. తెలుగు డిగ్రీలో చేరి 'సాపేక్షం', 'అభికేంద్రం' ముందు తెల్లబోయినప్పుడు, ఆ పిల్లల తక్లీఫ్ ఏమిటో నాకు కొంచెం తెలిసొచ్చింది. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. తెలుగు పిల్లాడికి ఫిజిక్స్ మళ్లీ పరాయి జబాన్‌లోనే దక్కింది.

ఆదివారం మా అమ్మాయిని బండి మీద ఎక్కించుకుని నాచారం నుంచి హబ్సిగూడ చౌరస్తాకు తీసుకెళ్లాను. కుడికి తిరిగితే తార్నాక, ఉస్మానియా. ఎడమకు తిరిగితే ఉప్పల్ రోడ్డు. ఎడమకు తిరిగి, ఎన్‌జీఆర్‌ఐ మెట్రో స్టేషన్ కింద ఆపాను. ఆ పేరు 1961లో వచ్చిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థది. రోజూ స్కూల్ ఆటో దాని ముందు నుంచే పోతుంది.

"గురుత్వం ఎంత?" అన్నాను.

"9.8," అంది ఠక్కున.

"అన్ని చోట్లా?"

జవాబు లేదు. భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83 అని చెప్పాను. కింద బరువైన రాయి ఉంటే ఇసుమంత పెరుగుతుంది, తేలిక రాయి ఉంటే తగ్గుతుంది. స్ప్రింగుకు వేలాడే చిన్న బరువు ఎంత సాగిందో చూసే యంత్రం ఆ తేడాను పట్టేస్తుంది. తవ్వకుండానే నేల కింద ఏముందో అందాజా దొరుకుతుంది. లోపలివాళ్లు దేశమంతా అలా కొలిచి గురుత్వ పటాలు గీశారు. పుస్తకం 9.8 దగ్గర ఆగిపోతే, వీళ్ల పని ఆ తర్వాతి అంకెల్లో మొదలవుతుంది.

"అయితే కశిష్-ఎ-సిఖల్ ఆఫీసన్నమాట!" అంది. ఈసారి నవ్వలేదు.

ఇంటికొచ్చాక పుస్తకంలో గురుత్వాకర్షణ పక్కన పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో ఆ మాట రాసుకుంది. సిఖల్‌కు ఒత్తు ఎక్కడ పెట్టాలని అడిగింది. ఆ తర్వాత, "ఆ మసూర్ పప్పు మాట ఏంటి అబ్బా, మళ్లీ చెప్పు."