గాలిమార్పునకు వాల్తేరు

బేగంపేట రైలుగట్టుపై సందెవేళ గోదావరి ఎక్స్‌ప్రెస్సు కొఱకు నిలిచియున్న జనములో సముద్రమునకు పోవువారెవ్వరో సామానును బట్టియే చెప్పవచ్చును. పెండ్లికి పోవువారి చేత పట్టుచీరెల పెట్టె యుండును. ఉద్యోగమునకు పోవువాని భుజమున నొక్క సంచి వ్రేలాడును. సముద్రమునకు పోవువారి పిల్లవాని చేత మాత్రము, ఇంకను ధరచీటీ ఊడని ప్లాస్టిక్ బకెట్టును, అందులో చిన్న పారయును ఉండును. 1974లో మొదలైన యీ బండి తెల్లవారునప్పటికి వీరిని విశాఖపట్టణమున దింపును.

హైదరాబాదునకు సముద్రము లేదని భూగోళము చెప్పును గాని, ఒకప్పుడు ఆ విశాఖ తీరమంతయు నిజాముదే. హైదరాబాదు నేలిన సలాబత్ జంగు 1753లో ఆ తీరపు ఉత్తర సర్కారులను, సైన్యపు జీతముల క్రింద, ఫ్రెంచి సేనాని బుస్సీ కిచ్చెను. నిజాం అలీఖాన్ 1766లో వానినే ఆంగ్లేయుల కప్పగించెను. వారినుండి ఏటేట రావలసిన పేష్కషు, అనగా కప్పము, గూడ 1823లో ఒక్క మొత్తపు చెల్లింపుతో తెగిపోయెను. అట్లు కాగితములపై పోయిన తీరమునకు మనమిప్పుడు బెర్తు కొనుక్కొని పోవుచున్నాము.

అయినను పూర్వులకు సముద్రము విహారస్థలము కాదు. రావిచెట్టును శనివారమునాడు, సముద్రమును పర్వదినమునాడు తప్ప తాకరాదని పెద్దల మాట. మాఘపూర్ణిమకో, గ్రహణమునకో బండ్లు కట్టుకొని వచ్చి, సంకల్పము చెప్పుకొని, మూడు మునకలు వేసి, తడిబట్టలతోనే మరలిపోవుట వారెఱిగిన సముద్రయాత్ర. తక్కిన దినములలో ఆ యొడ్డు జాలరులది. తెప్పలు దింపుకొనువారిది, వలలు ఆరవేసికొనువారిది.

ఊరక కూర్చుండి సముద్రమును చూచుట యను వ్యసనము తెల్లవారితో వచ్చెను. 1682లో విశాఖపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పిన ఆంగ్లేయులు, కోటప్రక్కనున్న బురదనేలల జ్వరములకు జడిసి, కాలక్రమమున ఉత్తరపు ఎఱ్ఱమట్టి మెట్టపైకి, అనగా వాల్తేరునకు, తమ బంగళాలను మార్చుకొనిరి. గాలిమార్పు అనెడి మాట మన యిండ్లలోనికి వచ్చినది ఇట్టి చోట్లనుండియే యని నా తలంపు. 1890ల దశాబ్దమున తూర్పుతీరపు రైలుదారి పడినంతట, బంగళా లేనివారికిని ఆ గాలి అందెను. పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయము వచ్చెను, 1933లో ఓడరేవు తెఱచిరి. 1942 ఏప్రిల్ 6న జపానువారి బాంబులును పడెను.

నా మట్టునకు విశాఖకంటె, అక్కడికి 25 కిలోమీటర్లకు పైబడి ఉత్తరమున, గోస్తనీనది సాగరమున గలియు భీమునిపట్టణమే ప్రియము. 1825లో ఆంగ్లేయుల వశమగువఱకు అది డచ్చివారి వర్తకస్థానము. 1861లోనే పురపాలకసంఘ మేర్పడిన యూరు. డచ్చి శ్మశానమున కోసుగా లేచిన సమాధులపై ఉప్పుగాలికి రాతియక్షరములు అరిగిపోయినవి. వ్రేలితో తడిమినచో, చదువరాని పేరొకటి చర్మమునకు తెలియును. లాభమునకై వచ్చి, గాలి పడక, ఇచ్చటనే యొఱగినవారు! ఈ గాలికే మనము సెలవు పెట్టి పోవుచున్నాము.

విశాఖలో రామకృష్ణా బీచి సంగతి వేఱు. అచ్చట సాయంకాలమున మనుష్యునకు మనుష్యుడు తగులును. 1969లో నౌకాదళమున జేరి, 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామిని ఇసుకమీదికి లాగి ప్రదర్శనశాల జేసిరి. సముద్రమునకు వీపు త్రిప్పి, సముద్రగర్భమున తిరిగిన యినుపగొట్టమును చూచుటకు జనము వరుసగట్టుట వింతయే గాని, పిల్లల కన్నులు చూచినపుడు ఆ వింతయు క్షమింపబుద్ధియగును. దాని యెదుట మురీమిక్చరు బండివాడు మరమరాలు, ఉల్లి, పచ్చిమిరప, వేయించిన పల్లీలు గిన్నెలో వేసి, నిమ్మచెక్క పిండి, గరిటెతో టకటక కలిపి కాగితపు పొట్లమున నిచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ యూరి చెట్లను పెకలించి, దారులను కప్పివేసినది. ఒడ్డున బండ్లు మరల నిలిచినవి.

ఒక మాఘపూర్ణిమ తెల్లవారుజామున ఆ యొడ్డుననే, మా బేగంపేటనుండి అదే బండిలో వచ్చిన ముదుసలి యొకామె, పసుపుకుంకుమలు నీటిలో విడిచి, ముక్కు మూసికొని మూడు మునకలు వేసెను. బయటికి వచ్చి, కొంగు పిండుకొనుచు, మనుమనితో, "ఒరే, కారం తక్కువ వెయ్యమని చెప్పరా" యనెను.